డల్సీ మూసి ఉంచిన మైదానం

ఆస్ట్రేలియా ఎడారిలో మా ఆదివాసుల ఊరు కార్క్‌వుడ్ బోర్‌లో ఒక మనిషి చనిపోతే కొన్నేళ్ళపాటు అతని పేరు ఎవరి నోటా వినిపించదు. అందువల్ల డల్సీ పెద్దకొడుకు పేరు ఇక్కడ రాయడం లేదు. ఊరంతా ఇప్పుడు అతణ్ణి ‘పెద్దోడు’ అంటోంది. నేనూ అలాగే అంటాను. ఇరవై ఆరేళ్ళవాడు. మాది చేత్తో పట్టి కాలితో తన్నే ఆస్ట్రేలియా ఫుట్‌బాల్; మా జట్టుకి గోల్స్ కొట్టేది ఎక్కువగా అతనే. మార్చి నెల ఆఖరి గురువారం పొద్దు వాలాక పట్నం వెళ్ళాడు. ఒంటరిగా తిరిగి వస్తుండగా దారిలో కారు పల్టీ కొట్టింది. శుక్రవారం ఉదయం ఏడు గంటలకి పోలీసులు వచ్చి చెప్పారు.

ఆ రోజే డల్సీ మైదానం గేటుకి ఇనుప తీగ చుట్టింది. అందులో ఎవరికీ వింత కనిపించలేదు. చనిపోయినవాడు పరిగెత్తిన నేల మీద మరొకరు కాలు పెట్టకూడదు. తల్లీ, తండ్రికి తోడబుట్టినవాళ్ళూ కలిసి ఆ నేలమీద నడిచి, ఆకుకొమ్మలతో అతని అడుగులు తుడిచాకే అది తిరిగి ఊరిదవుతుంది. ఎప్పుడు తుడవాలన్నది తల్లి మాట. మామూలుగా మూడు వారాలు, మహా అయితే నాలుగు. డల్సీ పదకొండు వారాలు తీగ విప్పలేదు.

ఆమెకి యాభై ఒక్క ఏళ్ళు. భర్త మూత్రపిండాలు చెడి ఆరేళ్ళ క్రితం పోయాడు. ఉదయం వృద్ధుల వంటశాలలో పని, సోమవారం మధ్యాహ్నం జట్టు జెర్సీలు ఉతకడం. రెండో పని ఇరవై రెండేళ్ళుగా చేస్తోంది, ఎవరూ అడగకుండానే మొదలుపెట్టింది. మా మైదానంలో గడ్డి ఉండదు, అంతా ఎర్రమట్టి. బట్ట మీది మరక చూసి ఆట ఎలా సాగిందో ఆమె చెప్పగలదు. “వెన్ను మీద ఒక్క మచ్చ లేదేంరా? శనివారం నువ్వు ఆడలేదు, టిక్కెట్టు లేకుండా ఆట చూసొచ్చావు” అని ఆరడుగుల కుర్రాణ్ణి అందరిముందూ కడిగేసేది. అత్తగారి ఎదుట పడకూడని ఒక అల్లుడు, ఆవిడ కూర్చున్న ఉత్తరపు గట్టు వైపు బంతి పోతే చాలు, పాము కనిపించినట్టు వెనక్కి తిరిగేవాడు. అతని జెర్సీకి ఎప్పుడూ కుడిపక్కే మట్టి. డల్సీ ఆవిడ దగ్గరికి వెళ్ళి, “అమ్మా, ఈవారం నువ్వు దక్షిణం వైపు కూర్చో. వాడి ఎడమపక్క కూడా ఉతకాలని ఉంది నాకు” అంది.

కార్క్‌వుడ్‌లో రెండు వందల పది మందికి జీతం వచ్చే ఉద్యోగాలు తొమ్మిది. పట్నం రెండు వందల నలభై కిలోమీటర్లు. ఊళ్ళో మందు నిషేధం, పట్నంలో కాదు. మగపిల్లలు ఊళ్ళో నిలబడటానికి కారణం ఒక్కటే, ఆట. జట్టు పెద్ద సెల్విన్ చాలాకాలం క్రితమే ఒక నియమం పెట్టాడు: వారం మధ్యలో పట్నం వెళ్ళి తాగినవాడికి శనివారం జెర్సీ లేదు. పోలీసులు ఎక్కడో దూరాన ఉన్నారు. జెర్సీలు సెల్విన్ ఇనప్పెట్టెలో ఉన్నాయి. ఊరు దేనికి భయపడేదో వేరే చెప్పక్కర్లేదు.

డల్సీ గేటు మూసి ఉంచింది దుఃఖం చేత అని అందరూ అనుకున్నారు. దుఃఖం నిజమే. కానీ ఆమె కాపలా కాసింది మైదానంలోని అడుగులకి. అవి ఎవరైనా చదివితే చిన్నకొడుకు కెల్టన్ తనకి దక్కడని ఆమె భయం.

ఇక్కడ అడుగులు చదవడం పిల్లలకి మాటలతోపాటే వస్తుంది. ఎవరి పాదం ఏదో, ఎటు వెళ్ళిందో, తొందరలో ఉందో తీరిగ్గా ఉందో అందరికీ తెలుసు. పెద్దోడు పోవడానికి ముందురోజు వాన పడింది. తూర్పు గోలు స్తంభాల ముందు పల్లంలో బంకమట్టి మెత్తబడింది. గురువారం సాయంత్రం అతను ఒక్కడే వట్టికాళ్ళతో అక్కడ బంతి తన్నడం సాధన చేశాడు. శుక్రవారం కబురు తెలిశాక, ఊరు ఇంకా గుమిగూడకముందే, కొడుకు ఆఖరున ఎక్కడ నడిచాడో వెతుక్కుంటూ డల్సీ ఆ చోటికి వెళ్ళింది. వెళ్ళి చదివింది.

తొమ్మిదేసి అంగల పరుగులు పదకొండు ఉన్నాయి. పన్నెండో పరుగు అయిదో అంగ దగ్గర ఆగిపోయింది. దాని ఎదురుగా మరో జత పాదాలు. ఎడమకాలి చిటికెన వేలు లోపలికి మడిచి ఉంది. చిన్నప్పుడు రేకు కోసిన వేలు అది, కెల్టన్‌ది. ఆ పాదాలు స్తంభాల వెనక ఆగిన కారు దగ్గర్నుంచి వచ్చాయి. పెద్దోడు తిరిగి వెనక్కి నడిచాడు, మళ్ళీ పరుగు మొదలుపెట్టబోయాడు. కెల్టన్ మళ్ళీ అడ్డు వచ్చి నిలబడ్డాడు. మడమలు లోతుగా దిగాయి. తరవాత ఇద్దరూ కారు వైపు నడిచారు, చిన్నవాడు చేయిపట్టి లాక్కెళ్ళేవాడిలా ఒక అడుగు ముందు.

అదే ఉదయం కెల్టన్ పట్నం నుంచి ఫోన్ చేశాడు. తాను గురువారం పొద్దున్నే వేరేవాళ్ళతో వచ్చేశాననీ, అప్పట్నుంచీ అన్నని చూడలేదనీ ఏడుస్తూ చెప్పాడు. అతనికి పందొమ్మిదేళ్ళు. డల్సీ ఫోన్‌లో “సరేరా” అని మాత్రమే అంది.

ఇంట్లో ఉన్న మనిషిని దారి పట్టించినవాడే ఆ చావుకి జవాబు చెప్పాలి. అడిగే హక్కు తండ్రివైపు వాళ్ళది. సెల్విన్ డల్సీ భర్తకి అన్న, మురియల్ అక్క. తుడవడానికి గేటు తీస్తే మొదట లోపల కాలు పెట్టేది వాళ్ళిద్దరే. వాళ్ళకి తెలియకుండా తానొక్కతే తుడిచేద్దామా అంటే, కొమ్మతో తుడిచిన గీత కూడా చదివేవాళ్ళకి అక్షరమే. ఇంకో వాన పడితే అన్నీ కరిగిపోతాయని ఆమె ఆశపడింది. ఆశపడటమే ఆమె తప్పు. ఏప్రిల్ నుంచి ఆకాశంలో మబ్బు తునక కనిపించలేదు. ఎండకి ఆ బంకమట్టి కుండపెంకులా గట్టిపడి, అడుగులు మరింత స్పష్టంగా నిలిచాయి. ఆవం పెట్టి కాల్చినా అంత బాగా నిలిచేవి కావు.

చావు ఇంటిని ఖాళీ చేసి ఊరి తూర్పు అంచున రేకుల కింద ఆమె మకాం పెట్టింది. వంటశాలకి వెళ్ళేముందు రోజూ కంచె బయట గంటసేపు కూర్చునేది. ఆ అడుగులు చిన్నవాడి మీద నేరమే కాదు, పెద్దవాడి ఆఖరి గుర్తు కూడా. ఎండ పక్కనుంచి పడే ఆ వేళలో ఆమెకి అతని మడమల లోతు కనిపించేది.

ఏడో వారంలో వంటశాలలో మురియల్ ఆమెని నిలదీసింది. ఇద్దరూ కంగారూ తోకలు కాల్చడానికి బొచ్చు చెక్కుతున్నారు.

“ఏమే డల్సీ, మా తమ్ముడు పోయినప్పుడు మూడు వారాలకే గేటు తీశావు. మొగుడికంటే కొడుకు ఎక్కువా?”

“ఎక్కువే వదినా. నీకు తెలీదా? నీకూ ఉన్నారుగా ముగ్గురు.”

“ఉన్నారు, చూడముచ్చటగా ఉన్నారు! ఒకడు లాకప్‌లో, ఒకడు పట్నంలో ఎండిపోయిన నది ఇసుకలో పడి తాగుతున్నాడు. మూడోవాడు నా రొట్టె తింటూ టీవీలో పరాయివాళ్ళ ఆట చూస్తున్నాడు. నువ్వింకో నెల గేటు మూస్తే, తీశాక వాడు అందులో పట్టడు.”

“తిండి తగ్గించు.”

“నువ్వు ఏడుపు తగ్గించు” అని మురియల్ కత్తి బల్లమీద గుచ్చింది. తరవాత గొంతు తగ్గించి, “నీ చిన్నోడు కూడా ఆ ఇసుకలోనే ఉన్నాడంటగా. వాడి కోసమైనా తియ్యవే” అంది.

డల్సీ ఇంకో తోక అందుకుంది. అప్పటికి ఊళ్ళోంచి పట్నం వెళ్ళి తిరిగిరాని జట్టు కుర్రాళ్ళు పదకొండు మంది. నేను రాసి పెట్టుకున్న లెక్క అది. నెలాఖరుకి పద్నాలుగు.

తొమ్మిదో వారంలో లీగ్ నుంచి ఉత్తరం వచ్చింది. సెల్విన్ దాన్ని పట్టుకుని కంచె దగ్గరికి వచ్చి ఆమె పక్కన నేలమీద కూర్చున్నాడు.

“నాలుగు ఆటలు వదిలేశాం. సంతాపమని రెండు మాఫీ చేశారు. ఇంక ఈ నెల్లో రాకపోతే జట్టు పేరు కొట్టేస్తారంట అమ్మాయ్.”

“కొట్టెయ్యనీ బావా.”

“గేటు నీది, నేనేం అనను.” ఆయన స్తంభాల వైపు చూశాడు. “కారు ఇక్కడిదాకా ఎందుకొచ్చిందో అని మాత్రం అనుకుంటున్నా. కంచె బయట టైరు గుర్తుంది. చూశావుగా?”

“వాడే తెచ్చుకుని ఉంటాడు.”

“అయ్యుండొచ్చు” అని ఆయన లేచి వెళ్ళిపోయాడు.

ఆ కారు వార్విక్‌ది. ముప్పై ఏళ్ళవాడు, జట్టులో వెనక వరస కాచేవాడు, తన ఇంటి ముందు మొక్కలు పెంచుకునే నెమ్మదైన మనిషి. ఎవరు దారి పట్టించారో తెలియనప్పుడు ఊరికి కారు యజమాని కనిపించాడు. మొదట అతని కిటికీలు పగిలాయి. తరవాత అతని భార్య దుకాణానికి వెళితే వరసలో ముందువాళ్ళు పక్కకి తప్పుకోవడం మొదలుపెట్టారు. జూన్ రెండో సోమవారం మధ్యాహ్నం, మురియల్ మూడో కొడుకూ మరో ఇద్దరూ కలిసి అతణ్ణి దుకాణం వెనక కర్రలతో కొట్టారు. కుడిచెయ్యి రెండుచోట్ల విరిగింది.

డల్సీ ఆ సాయంత్రం క్లినిక్‌లో ఒక ముసలాయనకి భోజనం ఇవ్వడానికి వెళ్ళింది. వార్విక్ బల్లమీద కూర్చుని, పట్నం ఆసుపత్రికి తీసుకెళ్ళే విమానం కోసం ఎదురుచూస్తున్నాడు.

“పిన్నీ” అన్నాడు. “పెద్దోడు కట్టెలు తెచ్చుకుంటానంటే తాళం ఇచ్చాను. అంతే. నువ్వైనా నమ్ముతావా?”

ఆమె గిన్నె అక్కడే పెట్టి నేరుగా సెల్విన్ ఇంటికి నడిచింది. ఆయన వాకిట్లో షూలకి తాడు కడుతున్నాడు.

“బావా, వదినని పిలువు. గేటు తీస్తాను.”

పొద్దు ఇంకా ఉంది. డల్సీ తీగ విప్పాక ముగ్గురూ తూర్పు స్తంభాల దాకా నడిచారు. డల్సీ ఒక పక్కకి జరిగి నిలబడింది. మురియల్ పరుగుల వెంట వంగి నడుస్తూ పన్నెండో దాని దగ్గర ఆగింది. తిరిగి మొదటికి వచ్చి మళ్ళీ చూసింది. మడిచిన చిటికెన వేలు దగ్గర మోకాళ్ళ మీద కూలబడింది.

“ఇది మనోడి కాలే!”

“మనోడిదే” అంది డల్సీ.

మురియల్ లేచి వచ్చి ఆమె చెంప మీద కొట్టింది. “పదకొండు వారాలు! పదకొండు వారాలు నా పక్కన నిలబడి తోకలు చెక్కావే! ఏ పాపం తెలీనివాడి చెయ్యి నా కొడుకు విరగ్గొట్టాడే!”

“ఒకడు పోయాడు వదినా. రెండోవాణ్ణి కూడా నా నోటితో ఇచ్చెయ్యమంటావా?”

“ఇప్పుడు ఇచ్చేశావుగా మరి?”

సెల్విన్ కారు గుర్తుల వైపు ఒక్కసారి చూసి తల తిప్పుకున్నాడు. “మొదటి వారమే నాకు అనుమానం. లోపలిది తల్లి చూపిస్తేనే చూడాలి. నువ్వు పిలుస్తావని కూర్చున్నా అమ్మాయ్. నాలుగో వారంలో పిలిచుంటే వార్విక్ చెయ్యి ఉండేది” అన్నాడు.

రెండు రోజుల తరవాత కెల్టన్‌ని పట్నం నుంచి తీసుకొచ్చారు. సభ బడి వెనక నీడలో జరిగింది. తండ్రివైపు వాళ్ళు ఒక పక్క, వార్విక్ కుటుంబం ఒక పక్క. వార్విక్ చేతికి తెల్లని కట్టు. కెల్టన్ మధ్యలో నిలబడ్డాడు. ఎముకలు తేలి ఉన్నాడు. అబద్ధం చెప్పే ప్రయత్నం చెయ్యలేదు.

“పట్నంలో ఒకడి పుట్టినరోజు. నన్ను దింపమన్నా. వద్దన్నాడు, శనివారం ఆట ఉందన్నాడు. తెల్లారేలోపు వచ్చేస్తావుగా అన్నా. నేనే అన్నా. ఒకటికి నాలుగుసార్లు అన్నా.”

ఎవరూ ఏమీ అనకముందే అతను ప్యాంటు మోకాలి పైకి లాగి తొడ చూపించాడు. “ఈటె వెయ్యి పెదనాన్నా. ఇక్కడ. నేను కదలను.”

పాత పద్ధతి అదే. ఈటె దిగుతుంది, రక్తం పోతుంది, నెలలో మానుతుంది, ఆ తరవాత ఎవరూ ఆ మాట ఎత్తకూడదు.

“ఎనిమిదేళ్ళ కింద వేసినవాడు రెండేళ్ళు జైల్లో కూర్చున్నాడు” అన్నాడు సెల్విన్. “ఇప్పుడు నేను కూర్చుంటే జట్టుని ఎవడు నడుపుతాడు? నువ్వా?”

అప్పుడు వార్విక్ మాట్లాడాడు. అతని గొంతు ఎప్పటిలాగే మెత్తగా ఉంది. “ఈ చెయ్యి ఇప్పట్లో బంతి పట్టదన్నారు డాక్టరు. ఈ ఏడు ఆడను, వచ్చే ఏడు కూడా ఆడతానో లేదో. నాకు రక్తం అక్కర్లేదు. నేను బయట కూర్చున్నన్నాళ్ళు వాడూ బయట కూర్చోవాలి.”

ఆ కోరికలో అన్యాయం ఏదీ ఎవరికీ కనిపించలేదు. అందుకే అది భయంకరంగా ఉంది. డల్సీ లేచి నిలబడింది. సభలో ఆమె గట్టిగా మాట్లాడటం అంతకుముందు నేను వినలేదు.

“బావా, ఈటె వెయ్యి. నువ్వు వెయ్యకపోతే నేనే వేస్తాను, నన్ను జైల్లో పెట్టనీ. కాలు మానుతుంది. ఆట తీసేస్తే వీణ్ణి నేను ఎక్కడ పట్టుకోను? ఎలా పట్టుకోను?”

“వార్విక్ తల్లి కూడా అదే అడుగుతోంది అమ్మాయ్” అన్నాడు సెల్విన్.

ఈ సీజనూ, వచ్చే సీజనూ కెల్టన్‌కి జెర్సీ లేదని తేలింది. కంచె లోపల కాలు పెట్టకూడదని కూడా. మురియల్ కర్ర తీసుకుని మేనల్లుడి భుజం మీద రెండుసార్లు కొట్టింది. అది ఆమె బాకీ. మూడోసారి ఎత్తిన కర్ర దించి, అతణ్ణి కావిలించుకుని ఏడ్చింది. మర్నాడు తన మూడో కొడుకుని వెంటబెట్టుకుని వార్విక్ వాకిట్లోకి వెళ్ళింది. విరిగిన చెయ్యి బాగయ్యేదాకా కట్టెలూ నీళ్ళూ వాడే మొయ్యాలని అక్కడే చెప్పింది.

ఆ గురువారం ఉదయం ముగ్గురూ తుడిచారు. సెల్విన్ మధ్య భాగం, మురియల్ పడమర, డల్సీ తూర్పు. గట్టిపడిన మట్టికి ఆకుకొమ్మ చాల్లేదు. ఆమె మోకాళ్ళ మీద కూర్చుని నీళ్ళు చల్లి, అరచేత్తో రుద్దింది. పన్నెండు పరుగులు. రెండు గంటలు పట్టింది. కెల్టన్ అడుగులు కూడా ఆమే తుడిచింది.

శనివారం కార్క్‌వుడ్ ఆడింది. పట్నం నుంచి తొమ్మిది మంది కుర్రాళ్ళు తిరిగి వచ్చారు. ఒళ్ళు బరువెక్కి, రెండో సగంలో ఊపిరి అందక, ముప్పై పాయింట్ల తేడాతో ఓడిపోయారు. అయినా కార్లన్నీ హారన్లు మోగించాయి. కెల్టన్ తల్లి మకాం ముందు మైదానానికి వీపు పెట్టి కూర్చున్నాడు. కేకని బట్టి ఎవరు గోలు కొట్టారో అతనికి తెలుస్తూనే ఉంటుంది.

ఆదివారం పొద్దున పట్నం వెళ్ళే ట్రక్కు దగ్గర అతని సంచీ కనిపించింది.

“ఉండరా” అంది డల్సీ. “వంటశాలలో పని ఇప్పిస్తాను.”

“శనివారం ఏం చెయ్యను?”

“నాతో ఉండు.”

“చెవులు మూసుకుని కూర్చోనా అమ్మా? అన్న పోయిన ఊళ్ళో, అన్నని తీసుకెళ్ళినవాడిగా, ఆట లేకుండా? రెండు సీజన్లు?”

ఆమె మకాంలోకి వెళ్ళి రెండు దుప్పట్లూ, టీ కాచుకునే డబ్బా తెచ్చుకుని అతని పక్కన ట్రక్కెక్కింది. సెల్విన్ పరిగెత్తుకొచ్చాడు.

“నువ్వెక్కడికి?”

“వీడితో.”

“మరి నీ పని? ఎప్పుడొస్తావు?”

“వీడొచ్చినప్పుడు.”

అది పోయిన ఏడాది జూన్. అప్పట్నుంచీ డల్సీ పట్నం నది ఒడ్డున, వంతెనకి కొంచెం ఎగువన ఉంటోంది. ఆ నదిలో ఏడాదికి ఒకటి రెండుసార్లు తప్ప నీళ్ళు ఉండవు. ఇసుకలో అక్కడక్కడా మనవాళ్ళ మకాములు. పగలు అందరి దుప్పట్లూ ఆమే ఎండలో వేస్తుంది. కెల్టన్ తాగుతాడు. ఎక్కువ రోజులు తాగుతాడు. రెండుసార్లు లాకప్‌కి వెళ్ళాడు, ఒకసారి ఆసుపత్రికి. ఆసుపత్రిలో డాక్టరు, ఇలాగే సాగితే ముప్పై చూడడని ఆమెకే చెప్పాడు. ఈ శిక్ష గడువు ముగిసేది ఈ సీజన్‌తో. వచ్చే ఏప్రిల్‌లో అతను జెర్సీ వేసుకోవచ్చు. దానికి ఇంకా ఏడు నెలలు.

శనివారం ఉదయం ఆమె అతణ్ణి ఇసుకలో పరిగెత్తిస్తుంది. వంతెన నుంచి ఒంటరిగా ఉన్న యూకలిప్టస్ దాకా, అక్కణ్ణుంచి వెనక్కి. పోయిన నెల నాలుగు శనివారాల్లో అతను ఒక్కసారి పరిగెత్తాడు. అదీ సగం దూరం. నేను వెళ్ళిన శనివారం ఎనిమిదిన్నరకి ఆమె అతని తలదగ్గర కూర్చుని ఉంది. ఎండ అప్పటికే ముఖం మీద పడుతోంది.

“లేవరా. చెట్టు దాకా.”

“రేపు.”

“రేపు ఆదివారం.”

“అయితే వచ్చే వారం” అని అతను దుప్పటి తలమీదికి లాక్కున్నాడు.

ఆమె దుప్పటి అంచు పట్టుకుని వెనక్కి లాగింది. “ఇవాళే. లేవరా.”